జంట బొమ్మల గది

చివరి స్టీరియోస్కోపు అద్దాల మీద నోటి ఆవిరి ఊది, మెత్తటి గుడ్డతో గుండ్రంగా తుడిచిందావిడ. అరచేతిలో పట్టే చెక్క పెట్టె అది. పక్కపక్కన అతికించిన రెండు పాత ఫోటోలను అందులోంచి చూస్తే ఒకటైపోయి, బొమ్మ లోతుగా లేచి నిలబడుతుంది. మ్యూజియానికి వచ్చినవాళ్ళంతా ఆ మాటే అంటారు. ఆవిడకు మాత్రం ఏనాడూ లేవలేదు. చిన్నప్పటి జ్వరంలో ఎడమకంటి చూపు పోయింది. పనిలో చేరేటప్పుడు ఎవరూ అడగలేదు, తనూ నోరు మెదపలేదు. "రెండు కళ్ళూ తెరిచి కాసేపు ఓపిక పట్టండి" అని వచ్చినవాళ్ళకు చెప్పడం, వాళ్ళ ముఖాలు విప్పారగానే తనే చూసినంత సంబరపడడం, అలాగే జుట్టు నెరిసింది.

ఇవాళ పనికి ఆఖరి రోజు. సాయంత్రం రైలుకు చెల్లెలి ఊరు ప్రయాణం.

మధ్యాహ్నం ఒకమ్మాయి తండ్రిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ముసలాయన పెట్టెలోకి చూసి, వెంటనే తల పక్కకు తిప్పేశాడు.

"ఏముందిందులో? పలకలా ఉంది."

"నాన్నకి ఈమధ్యే ఒక కన్ను పోయిందండీ," కూతురు గొంతు తగ్గించింది. "దర్జీ పని. అప్పట్నించీ మిషను మీద దుప్పటి కప్పేశారు. కాస్త సరదాగా ఉంటుందని తెచ్చాను. నాకే బుద్ధి లేదు."

ముసలాయన అప్పటికే గుమ్మం వైపు తిరిగాడు. ఇన్నేళ్ళూ గుట్టుగా దాచుకున్న మాట ఆవిడ నోరు జారింది.

"నాకూ ఒక్క కన్నే, అన్నయ్యగారూ."

ఆయన ఆగాడు. "మరి ఇన్నాళ్ళూ ఇక్కడ ఏం చూశావమ్మా?"

"రండి, చూపిస్తా."

దండెం మీద బట్టలు ఆరేసిన ఫోటో పెట్టింది. "ఈ చొక్కా తన వెనకాలున్న దుప్పటిని కొంచెం కప్పేసింది కదా? అంటే ఇది ముందున్నట్టు. నీడ ఎటు పడిందో కూడా చూడండి. తొందరపడకపోతే ఏది దగ్గరో, ఏది దూరమో అదే తెలుస్తుంది."

ఆయన మళ్ళీ పెట్టెలోకి వంగి, చొక్కా అంచుల వెంబడే చూసుకుంటూ పోయాడు.

"ఆ చొక్కా ఎవడు కత్తిరించాడో గానీ, చంక దగ్గర చెడగొట్టాడు."

కూతురు నవ్వేసింది. ఆయన నవ్వలేదు. "బొమ్మ సరేనమ్మా. సూదిలో దారం ఎక్కించబోతే గాలిలో పొడుస్తున్నా."

"మణికట్లు రెండూ ఒకదానికొకటి ఆనించండి. కన్ను తడబడినా వేళ్ళు తడబడవు." ఆవిడ మ్యూజియం వాళ్ళిచ్చిన తన నీలం కోటు విప్పి ఇచ్చింది. "ఈ పై గుండీ ఊడిపోయేలా ఉంది, కాస్త చూద్దురూ."

ఆయన చెయ్యి దానంతటదే తన చొక్కా కాలరు కిందికి పోయింది. దారం చుట్టిన సూది ఇంకా అక్కడే ఉంది. కూతురు సాయానికి రాబోతే ఆవిడ కనుసైగతో ఆపింది. దారం ఒకసారి తప్పింది. మళ్ళీ తప్పింది. ఆయన మణికట్లు ఆనించి, ఊపిరి బిగబట్టాడు. ఈసారి దూరింది. ఆయన గుండీ కుట్టి, దారం పళ్ళతో తెంపాడు.

"మిగతావీ వదులుగానే ఉన్నాయి. రేపొచ్చి బిగిస్తా."

"రేపు నేనుండనండీ. ఇది కొత్తగా వచ్చేవాళ్ళు తొడుక్కుంటారు."

"వాళ్ళ గుండీలు మాత్రం ఊడిపోవాలా ఏం?" అన్నాడాయన.

మెట్లు దిగుతూ ఆయన కూతుర్ని అడుగుతుంటే ఆవిడకు వినబడింది: "మిషనులో వేసే నూనె ఉందంటావా ఇంట్లో?"

సాయంత్రం ఆవిడ కిటికీలు మూసి, తాళాలు అప్పగించి, సంచీ భుజాన వేసుకుని స్టేషను దారి పట్టింది. గదిలో మేకుకు వేలాడుతున్న నీలం కోటు మీద, తెల్లదారంతో కుట్టిన ఆ ఒక్క గుండీ బిగువుగా నిలిచి ఉంది.