పోతమ్మ ఫొటో

రాసేది ప్రొఫెసర్లు, దిద్దేది ఎడిటర్లు, లాభం మాత్రం ఎవరికీ లేదు. అంత పవిత్రమైన వెబ్‌సైటు అది. రాసినవాళ్లు ఒప్పుకోనిదే ఒక్క అక్షరం బయటికి పోదు. అందుకే ప్రొఫెసర్ సూర్యకళకు అదంటే గురి.

మురుగుకాలవ సముద్రంలో కలిసేచోట పట్టిన చేపల్లో సీసం ఉందని ఆమె పరిశోధనలో తేలింది. చేపలమ్ముకునే పోతమ్మ తెచ్చిచ్చిన నడిసముద్రం చేపల్లో లేదనీ తేలింది. ఆ రెండో మాటను ఎడిటర్ ఆశాజ్యోతి చివరి పేరాలోకి నెట్టి, వ్యాసం పైన పోతమ్మ ఫొటో పెట్టింది. జరీచీర కట్టుకుని, గంప నెత్తిన పెట్టుకుని, మురిసిపోతూ దిగిన ఫొటో. సూర్యకళ చూసి, బాగుందనుకుని, ఒప్పేసుకుంది.

ఆ వ్యాసాన్ని ఏ పత్రికైనా ఉచితంగా వేసుకోవచ్చు. వేసుకున్నాయి. చోటు చాలక చివరి పేరా కోసేశాయి.

వారం తిరక్కుండా పోతమ్మ గోపాలపట్నం బజారు నుంచి నిండుగంపతో యూనివర్సిటీకి వచ్చింది.

"నా సేపలు మంచివని మీరే సెప్పినారు గదమ్మా? మరి ఇసం సేపలని రాసి నా బొమ్మెందుకేసినారు? నానేటి సేసినాను? ఒక్కరూ కొనట్లేదు."

సూర్యకళ ఆమె ఎదుటే ఆశాజ్యోతికి ఫోన్ చేసి సంగతంతా చెప్పింది.

"అయ్యో పాపం!" అంది ఆశాజ్యోతి. నిజంగానే బాధపడింది. "చేపలమ్ముకునేవాళ్ల బతుకులు ఎలా చితికిపోతున్నాయో ఇంకో వ్యాసం రాయండి మేడమ్. ఫొటో ఎలాగూ ఉంది."

సూర్యకళ పోతమ్మ వైపు చూసింది. తర్వాత పెన్ను తీసుకుంది.

"ఎన్ని పదాలు?"