డాబా మీది గాలి మిషన్

“ఒక్క ప్లగ్గు తీస్తె నీ చేతులేమన్న అరుగుతయా?” అంటూనే ఉంటుంది మా అత్తమ్మ ముత్యమ్మ. నిజమే, అరగవు. అంట్లు తోమితే అరగలేదు, వాకిలి ఊడిస్తే అరగలేదు. ఈ ఇంట్లో నేను చేసేది ఏదీ పని కాదు కదా, అందుకని ఇదీ వాటిలో చేరింది. జిన్నారం చుట్టుపక్కల గాలి ఎట్లా ఉందో కొలవడానికి కాలుష్యం ఆఫీసువాళ్లు మా డాబా మీద ఒక మిషన్ పెట్టారు. చూడ్డానికి పెద్ద రేకు డబ్బా. గురగురమంటూ గాలిని గుంజుకుంటుంది. అందులో ఉన్నదంతా లోపలి కాగితం మీద, చిన్న సీసాల్లో చేరుతుంది. మర్నాడు ఆ ఆఫీసు మనిషి సమద్ భాయ్ వచ్చి అవి తీసుకుని పోతాడు. కరెంటు మా వంటింటి బోర్డు నుంచే. మా ఆయన ఏలీయా పనిచేసే మందుల కంపెనీ మా కాలనీకి ఆనుకునే ఉంది. ఆఫీసువాళ్లు డాబా అడిగినప్పుడు అక్కడి సూపర్‌వైజరే, “పెట్టనియ్యి ఏలీయా, మనోళ్ల ఇంటి మీదుంటేనే మంచిది” అన్నాడట. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

ఏలీయా నైట్ డ్యూటీలో ఉంటే తెల్లవారాక అప్పుడప్పుడూ ఒక మిస్డ్ కాల్ వస్తుంది. కంపెనీలో గ్యాస్ వదులుతున్నారని దానర్థం. నేను కిటికీలు మూయాలి, తీగ మీది బట్టలు లోపలికి తేవాలి, మిషన్ ప్లగ్గు తీయాలి. వాసన పోయాక మళ్లీ పెట్టాలి. “నడుమల కరెంట్ పోయిందా అక్కా?” అని సమద్ భాయ్ అడిగితే పోయిందనాలి. మొదట్లో ఆ మిస్డ్ కాల్ చూసి మురిసిపోయాను, పిచ్చిదాన్ని! మా మీద ఎంత ప్రేమో అనుకున్నాను. తర్వాత తర్వాత, మరి పక్కింటి ఆమ్నాకు ఎవరు చెబుతారు అని తోచింది. ఏలీయానే అడిగాను. “ఊరందరికి చెప్తె నా నౌకరి ఉంటదా జయశీలా? ఆఫీసోళ్లకు తెలిస్తె కంపెనీ బందయితది. అప్పుడేం తింటవ్, మిషన్ తింటవా?” అన్నాడు. భయం నాకు మాత్రం లేదా? నౌకరి పోతుందేమోనని భయం, ఫోన్ మోగితే భయం, సమద్ భాయ్ టీ తాగుతూ నా ముఖంలోకి చూస్తే భయం. చర్చిలో కళ్లు మూసుకున్నా ఆ ప్లగ్గే కనిపించేది.

మొన్న పొద్దున మంచు దట్టంగా కమ్ముకుంది. మా క్యాథరిన్ పదో తరగతి, స్పెషల్ క్లాసులని చీకటి విడవగానే బయల్దేరుతుంది. జడలేసి, టిఫిన్ డబ్బా కట్టి, గేటు దాకా పంపి వచ్చి టీ గిన్నె పెట్టానో లేదో ఫోన్ మోగి ఆగిపోయింది. బడికి దారి కంపెనీ గోడ పక్క నుంచే. అక్కడ గ్యాస్ వాల్వు ఎప్పుడు తిప్పుతారో ఏలీయాకు తెలుసు గానీ, కన్నకూతురు బడికి ఏ వేళకు పోతుందో తెలియదు. ఒక్కనాడైనా అడిగితే కదా! తిరిగి ఫోన్ చేశాను. కట్ చేశాడు. మళ్లీ చేశాను. స్విచ్ఛాఫ్.

“ప్లగ్గు తియ్యి!” అని అత్తమ్మ మంచంలోంచే కేక వేసింది. చెయ్యి అలవాటుగా బోర్డు దాకా పోయింది. ఇప్పుడు ప్లగ్గు తీస్తే, ఈ పొద్దు గాలి మంచిదేనని ఆ కాగితం చెబుతుంది. నా బిడ్డ ఆ గాలిలోనే ఉంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“అత్తమ్మా, క్యాథరిన్ బయటున్నది.”

ఆమె దిగ్గున లేచి కూర్చుంది. “యేసయ్యా! ఉర్కు, ఉర్కు!” అంది. ఇక ప్లగ్గు మాట ఎత్తలేదు.

చున్నీ తడిపి పట్టుకుని పరుగెత్తాను. గోడ మలుపులో కుళ్లిన క్యాబేజీ వాసన గొంతులోకి దిగింది. కళ్లలో కారం పడ్డట్టయింది. మంచులో పిల్లలు కనబడటం లేదు, దగ్గు మాత్రం వినబడుతోంది. తల్లిని కదా, నా బిడ్డ దగ్గు గుర్తుపట్టనా అనుకున్నాను. గుర్తుపట్టలేకపోయాను. అందరిదీ ఒకటే దగ్గు.

క్యాథరిన్ బడి గేటు దగ్గర దొరికింది. కళ్లు ఎర్రగా ఉబ్బిపోయి, ఊపిరి ఎగబీలుస్తూనే, పక్కన కూలబడి కక్కుతున్న ఆమ్నా కూతురు అరీబా వీపు నిమురుతోంది.

“నడువు, ఇంటికి పోదాం,” అన్నాను.

“వీళ్లందర్ని ఇడిసిపెట్టి నేనొక్కదాన్నే ఎట్లొస్త మమ్మీ?”

చున్నీ చింపి తలా ఒక ముక్క ఇచ్చాను. టీచరమ్మ, నేను కలిసి పిల్లల్ని గదిలోకి తోలి తలుపులు వేశాం. దగ్గులు సద్దుమణిగే దాకా అక్కడే ఉండి ఇంటికొచ్చాను.

డ్యూటీ దిగి వచ్చిన ఏలీయా చెప్పులతోనే వంటింట్లోకి వచ్చాడు. డాబా మీద మిషన్ ఇంకా గురగురమంటోంది.

“ప్లగ్గు తియ్యలేదా?”

“తియ్యలే.”

“నా నౌకరి తీస్తవా ఏందే?” అంటూ బోర్డు మీదికి చెయ్యి చాచాడు. అడ్డంగా నిలబడ్డాను. వంటగట్టు రెండు చేతులా పట్టుకున్నాను.

“బడికి పోయే పిల్ల ఆ గ్యాసుల నుంచే నడుసుకుంట పోయింది,” అన్నాను.

“ఏ పిల్ల?” అన్నాడు.

అత్తమ్మ నోరు తెరవబోయింది. వద్దని సైగ చేశాను. ఏలీయా ముఖం చూస్తూ ఉండిపోయాను. ఎవరి పిల్లో తెలిశాక భయపడాలో వద్దో తేల్చుకుందామని ఆగి ఉన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన్ను చూసి నాకెన్నడూ అంత భయం వేయలేదు. ఎవరి పిల్లో నేను చెప్పలేదు. ఆయన ఎదుటే ఫోన్ తీసి సమద్ భాయ్‌కి కలిపాను.

“భాయ్, జల్దీ వచ్చి కాగితం తీస్కపో. ఇయ్యాల కరెంట్ పోలే. ఎన్నడు పోలే భాయ్, నేనే ప్లగ్గు తీసిన.”