తెలుగు బటన్ నొక్కిన పోతమ్మ

పోతమ్మకు చదువు వచ్చింది యాభై దాటాక, అదీ గాజువాకలో తాయారు గుమ్మం ముందు. సముద్రం ఒడ్డు నుంచి చేపల తట్ట మోసుకొచ్చి, బేరం అయ్యాక మెట్టు మీద చతికిలబడి పలక పట్టేది. తాయారుది గోదావరి పుట్టుక, భర్త స్టీల్‌ప్లాంటు ఉద్యోగంతో ఇటు వచ్చింది. చేపల బేరంలో గయ్యాళే గానీ, అక్షరాలు దిద్దించేటప్పుడు మాత్రం మహా ఓపిక.

తాయారు కూతురు శ్రీసత్యది ప్రభుత్వ వెబ్‌సైట్లను తెలుగులోకి మార్చే కంపెనీలో ఉద్యోగం. మార్చేది మిషను. అది ఇచ్చినదాన్ని మనిషి చదివి, దిద్ది, 'సరిచూశాను' అని నొక్కాలి. శ్రీసత్య చదవకుండానే నొక్కేది. "తెలుగు బటన్ ఎవరు నొక్కుతారే, అందరూ ఇంగ్లీషే చూస్తారు" అన్నది ఆ ఆఫీసులో వేదవాక్కు. శ్రీసత్య కూడా అదే నమ్మింది. నమ్మితే పెందలాడే ఇంటికి రావచ్చు మరి!

ఒక ఆదివారం పోతమ్మ తట్ట దించింది గానీ మెట్టు మీద కూర్చోలేదు. సంచిలోంచి పలక తీసి తాయారు చేతిలో పెట్టింది.

"ఇంకెవులికైనా ఇయ్యమ్మా. నాకింక సదువొద్దు."

"అదేంటి పోతమ్మా! పేపరు గడగడా చదివేదానివి కదా, ఏమొచ్చింది?"

"ఏటి సెప్పమంతావు తల్లీ. పడవ లైసెన్సుకి ఏటేటి కావాలో సర్కారోళ్ళు పోన్లో ఎట్టినారు. తెలుగు కూడా ఉంది, సదవమని ఆడోళ్ళంతా నా సుట్టూ సేరినారు. మొత్తం సదివినాను. ఒక్క ముక్క బోదపడితే ఒట్టు! ఇన్నాళ్ళూ సదువొచ్చని బడాయి పోయిందని నవ్వినారు. నా కోడలు ముందలే నవ్వినారమ్మా. ఆళ్ళంతా బ్రోకరు కాడికి పోయినారు. నాకొచ్చింది సదువు కాదు, ఉత్త అచ్చరాలే."

పోతమ్మ చూపించిన ఫోన్లోకి, గుమ్మంలో ఉన్న శ్రీసత్య తొంగి చూసింది. 'దరఖాస్తుదారు తద్వారా పడవ యొక్క చెల్లుబాటునకు లోబడి సమర్పించబడినవాడై ఉండవలెను.' మొన్నీమధ్య ఒక చేత్తో టీ కప్పు పట్టుకుని, ఇంకో చేత్తో తాను నొక్కేసిన పేజీ అది. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

తాయారు కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. "నాకూ అర్థం కావట్లేదే. పెద్దదాన్నయిపోయాను కాబోలు" అంది నీరసంగా.

తల్లి కూడా తనను తానే తప్పు పట్టుకునేసరికి శ్రీసత్య ఇక తట్టుకోలేకపోయింది. "మీ ఇద్దరిదీ తప్పు కాదు. అది మిషను రాసింది. చదివి దిద్దాల్సింది నేను. చదవకుండా బాగుందని నొక్కేశాను. నన్ను తిట్టు పోతమ్మా."

పోతమ్మ ఆమె గడ్డం పట్టుకుంది. "సూసినావా తాయారమ్మా, నీ కూతురు! నాను బాదపడతన్నానని తప్పు తన మీదేసుకుంతంది. ఇంత సదువుకున్న బిడ్డ అలాటి పని సేత్తాదేటి?"

చేసిన పాపం చెబితే పోతుందంటారు. శ్రీసత్య చెప్పింది. పోకపోగా మెచ్చుకోలు దక్కింది. ఆ మెచ్చుకోలుకు ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. "నిజంగా నేనే" అని మళ్ళీ అన్నా పోతమ్మ చెవిన పెట్టలేదు. కొసరుగా రెండు కానాగంత చేపలు గిన్నెలో వేసి, "బిడ్డకి ఏపుడు సేసి పెట్టమ్మా" అని చెప్పి తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

పోతమ్మ నమ్మలేదు గానీ, తాయారు నమ్మింది. ఇంకెవరికైనా ఇమ్మన్న ఆ పలకను కూతురి చేతిలో పెట్టి లోపలికి వెళ్ళింది.