ఆయుధపూజ మర్నాటి బోణీ

నేను ఒక ఫ్లో సైటోమీటర్‌ని. పేరు నోరు తిరగక, కర్నూలులోని ఈ చిన్న ఆసుపత్రిలో నన్ను కణాల మిషను అంటారు. రంగులు అంటించిన రక్తకణాలను ఒక్కొక్కటిగా లేజరు ముందు నడిపించి, ఏది ఏ రంగులో మెరిసిందో చెప్పడం నా పని.

రంగులను నేను నమ్మను. పక్కింటి తాలింపు ఘాటు మన వంటింట్లోకి వచ్చినట్టు, పచ్చరంగు వెలుగు కొంత నారింజ రంగు చూసే నా కంట్లో పడుతుంది. అందుకే ముందు ఒక్కో రంగే ఉన్న గొట్టాలు నడిపి, పక్క కంట్లోకి పొంగినదెంతో చూసి తీసివేయాలి. దాన్నే దిద్దుబాటు అంటారు.

విదేశంలో పుట్టి, హైదరాబాదులో పరిశోధకుల చేతుల్లో పాతబడి, ఈ ఊరికి అమ్ముడుపోయాను. వాళ్లు నన్ను అనుమానించేవారు. ఇక్కడ బొట్టు పెట్టి దండం పెడతారు. దండం పెట్టేవాళ్లంటేనే నాకు ఎక్కువ అనుమానం.

దసరా ముందు ఇంజనీరు వచ్చి నా నారింజ కన్ను చురుకు పెంచి వెళ్లాడు. ఆయుధపూజ మర్నాడు టెక్నీషియన్ ఓబులేసు నేరుగా ఇందుమతి రక్తం పెట్టాడు. ఆమెకు తగ్గిన రక్తక్యాన్సర్ తిరగబెట్టిందా అన్నదే ప్రశ్న. తెర మీద ఒక కణాల గుంపు పచ్చ, నారింజ రెండు రంగుల్లోనూ మెరిసింది. అది జబ్బు గుర్తు. ఓబులేసు ఆగలేక, వరండాలో ఉన్న ఆమె భర్త శేషశయనానికి జబ్బు ఉందని చెప్పేశాడు. నాకు ఒళ్లు మండింది.

డాక్టర్ షాహీన్ వచ్చి తెర చూశారు. గుంపు ఏటవాలుగా సాగి ఉంది. పొంగు సరిగా తీయకపోతే అలాగే సాగుతుంది. ఆవిడ నన్ను అనుమానంగా చూసి, తర్వాత ఓబులేసును చూశారు.

"రంగు గొట్టాలు నడిపినావా?"

"పూజయినాక ఉత్త గొట్టాలతో బోణీ ఏంది మేడమ్? మనిషి రక్తంతోనే చేసినా. దిద్దుబాటు ఇంజనీరు రాకముందుదే పెట్టినా."

"కన్ను మారినాక పాత దిద్దుబాటు ఎట్ల సరిపోతాది?"

గొట్టాలన్నీ నడిపించారు. పొంగు తీసేసరికి ఆ గుంపు పచ్చరంగులోకి దిగిపోయింది. జబ్బు లేదు.

శేషశయనం నమ్మలేదు. "పొద్దున ఉందన్నారు, ఇప్పుడు లేదంటాండారు. నా మొగం చూసి దాపెడ్తాండారా మేడమ్?"

డాక్టరు తెర మీది పొద్దుటి బొమ్మా, ఇప్పటి బొమ్మా రెండూ చూపించారు. అతను వాటినీ నమ్మలేదు, నన్నూ నమ్మలేదు. అతన్ని తప్పుపట్టలేకపోయాను.

అతని పక్కనున్న ఇందుమతి తల మీది గుడ్డ సవరించుకుంది. మందులకు ఊడిన జుట్టు ఇప్పుడిప్పుడే మొలుస్తోంది.

"ఇది మళ్లీ ఊడదు గదా మేడమ్? దువ్వెన కొనుక్కోవచ్చునా?"

"కొనుక్కోమ్మా," అన్నారు డాక్టరు.

శేషశయనం నన్నే అనుమానంగా చూస్తూ చెప్పులు తొడుక్కున్నాడు.

"పా," అన్నాడు భార్యతో. "అంగడి మూసేలోపల పోదాం."