గది బయట కూర్చున్న సభ్యురాలు

వినికిడి లేని పిల్లల బడిని నడిపించే పాలకమండలిలో ఏడుగురు సభ్యులు. వాళ్ళలో ఒకామె కోర్టులో ముప్ఫై ఏళ్ళు స్టెనోగా చేసి రిటైరైంది. ఎవరేం ప్రతిపాదించినా "ఎక్కడ రాసుందండీ?" అని అడుగుతుంది కనుక ఆమెకు రూల్సక్కయ్య అని పేరొచ్చింది. ఎగతాళిగా పెట్టిన పేరే, పోనుపోనూ గౌరవంగా మారింది.

బడి నియమావళిని తిరగరాసే పని ఆమెకే అప్పగించారు. పద్దెనిమిదేళ్ళ నాటి పుస్తకమది. పేజీల మధ్య చీటీలు, చీటీల మీద కొట్టివేతలు. ఎనిమిది నెలలు కూర్చుని అన్నీ సరిచేసింది. ఒక్క నియమం మీద మాత్రం పెద్ద వాదనే జరిగింది. తమ బంధువుల విషయం చర్చకు వచ్చినప్పుడు సభ్యులు ఓటు మానుకుంటే చాలదు, గదిలోంచి లేచి వెళ్ళాలని ఆమె రాసింది.

"నోరు మూసుకుని కూర్చుంటే సరిపోదా అక్కయ్యా?" అన్నారు అధ్యక్షులు డాక్టరుగారు.

"నోరు మూసుకున్నా మొహం మాట్లాడుతుంది కదండీ. మనందరం దానివైపే చూస్తాం."

నవ్వుకుంటూనే ఆమోదించారు.

మరుసటి ఏడు హాస్టల్ వార్డెన్ ఉద్యోగం ఖాళీ అయింది. భర్త పోయాక అక్క దగ్గరే ఉంటున్న రూల్సక్కయ్య చెల్లెలు దరఖాస్తు పెట్టింది. నర్సుగా చేసిన మనిషి, పట్టుబట్టి సైగల భాష నేర్చుకుంది. వడపోతలో చివరికి ఇద్దరు మిగిలారు: చెల్లెలు, ఇలాంటిదే ఇంకో బడిలోని డ్రాయింగు టీచరు.

ఆ ఇద్దరి ఇంటర్వ్యూలు మొదలుకాకముందే రూల్సక్కయ్య లేచి వరండాలోకి వచ్చేసింది. రెండు ఇంటర్వ్యూలూ అయి లోపల ఓట్లు వేస్తుండగా చెల్లెలూ వచ్చి బెంచీ మీద పక్కనే కూర్చుంది.

"నీ కుర్చీ ఖాళీగా కనపడేసరికి నాకు నోట మాట రాలేదక్కా."

"నేనుండకూడదు కదే."

"నీ చెల్లెలినైనందుకు లాభం లేకపోతే పోయె. నష్టమా?"

అక్క బదులు చెప్పేలోగా తలుపు తెరుచుకుని డాక్టరుగారు బయటికొచ్చారు. "చెరో మూడు ఓట్లమ్మా. ఇప్పుడేం చెయ్యాలో పుస్తకంలో ఎక్కడా లేదు!"

ఏడుగురున్నచోట ఓట్లు సమానంగా రావని ఆమె ఇన్నాళ్ళూ ధీమాగా ఉంది. ఒకరిని బయటికి పంపితే మిగిలేది ఆరుగురేనన్న సంగతే తట్టలేదు.

"అధ్యక్షుడికి రెండో ఓటుందా? రాసింది నువ్వే కనుక నువ్వే చెప్పు" అంటూ ఆయన చెల్లెలి వైపు చూసి చల్లగా నవ్వారు. ఆ ఓటు ఎటు పడుతుందో ముగ్గురికీ తెలుసు. "ఉంది" అంటే చాలు.

"తప్పు నాదేనండీ. కానీ ఈ విషయంలో నేను నోరెత్తకూడదు. మీ ఆరుగురూ తేల్చుకోండి. కొత్త రూలు మాత్రం ఇవాళ రాయకండి. ఎటు రాసినా అది మా చెల్లి కోసం రాసినట్టే ఉంటుంది."

చెల్లెలు గభాలున లేచి, వెనక్కి చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇద్దరినీ చెరో సాయంత్రం హాస్టల్లో పిల్లలతో గడపమని మండలి తీర్మానించింది. తరవాత మళ్ళీ ఓట్లేస్తే నాలుగు టీచరుకు, రెండు చెల్లెలికి వచ్చాయి.

ఇంట్లో అయిదు రోజులు పొడిపొడి మాటలే. ఆరో రోజు కూరగాయలు తరుగుతూ చెల్లెలే అంది: "ఆ టీచరు వంతు రోజు నేనూ హాస్టలుకెళ్ళి, ఆవిడ సైగల్లో ఏనుగు కథ చెబుతుంటే చూశానక్కా. ఓ పిల్ల నవ్వాపుకోలేక మంచం మీంచి జారిపడింది. నాకు ఓటుంటే నేనూ ఆవిడకే వేసేదాన్ని."

"మరి ఈ అలకేమిటే?"

"ఉద్యోగం కోసమనుకున్నావా? నాకోసం ఒక్క మాట చెప్పడానికి నీకు మనసొప్పలేదే అని."

"గొంతుదాకా వచ్చిందే. ఎలా మింగానో నాకే తెలుసు" అంది అక్క. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెల్లెలు కత్తిపీట పక్కకి జరిపి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

నెల తిరిగాక సవరణ రాసే బాధ్యత మళ్ళీ ఆమెకే వచ్చింది. ఓట్లు సమానమైతే ఇంకోసారి విచారించాలి, అధ్యక్షుడికి రెండో ఓటు ఉండదు అని రాసి చెల్లెలికి చూపించింది.

చెల్లెలు రెండుసార్లు చదివి, "ముగ్గురు సభ్యుల చుట్టాల సంగతి ఒకేసారి చర్చకొస్తే? మిగిలిన నలుగురితో మీటింగు చెల్లుతుందా?" అనడిగింది.

రూల్సక్కయ్య ఇంకో కుర్చీ లాగింది. "కూర్చోవే. మొదట్నించీ చదువుదాం."