అరువిచ్చిన గొంతు

జూబ్లీ హిల్స్‌లో ఎత్తులు ఎక్కువ. కార్లు ఎక్కేవి కొన్ని, మనుషులు వేసేవి కొన్ని. ఆ ఎత్తుల మీదనుంచి కాస్త కిందికి దిగితే ఫిలింనగర్. అక్కడ ఒక మేడ సెల్లారులో ఉన్న డబ్బింగ్ థియేటర్‌లో, నలభై దాటిన ఫిలోమినా మైకు ముందు నిలబడి ఇరవై ఏళ్ల పిల్లలా సిగ్గుపడుతోంది.

తెర మీద ఉన్న కథానాయిక ముంబై అమ్మాయి. తెలుగు రాదు. కెమెరా ముందు ఎంతో ఆర్తిగా "వన్, టూ, త్రీ, ఫోర్" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ అంకెల మీద "నువ్వు లేకపోతే నేను లేను బావా" అన్న మాటను పెదవులకు అతికినట్టు చెప్పడం ఫిలోమినా పని. ఆ అమ్మాయి మొదటి సినిమా నుంచీ ఆమెకు గొంతు ఫిలోమినాదే. జనం ప్రేమించింది ఆ మొహాన్ని, నమ్మింది ఈ గొంతుని.

"ఏం లెక్కలు చెప్పింది తల్లీ! ప్రేమంతా పదిలోపే తేల్చేసింది" అంది ఫిలోమినా మైకులోనే.

అద్దం అవతల కూర్చున్న డబ్బింగ్ ఇన్‌చార్జి కమలాకర్ పగలబడి నవ్వాడు. "జర నవ్వియ్యకు అక్కా. పని కాదు గిట్లయితే. నెక్స్ట్ డైలాగ్ పోదాం."

ఆమె తర్వాతి మాట అందుకోబోయింది. గొంతు మధ్యలో పాతగుడ్డలా పర్రుమని చిరిగింది. వెంటనే దగ్గినట్టు నటించి, "పొలమారింది" అని ఫ్లాస్కులోని వేడినీళ్లు తాగింది.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ దగ్గు అబద్ధం. కొన్ని వారాలుగా ఆమె గొంతు ఇలాగే దారి మధ్యలో మొరాయిస్తోంది. ఆ సంగతి అద్దం అవతలివాళ్లకు తెలియదు, తెలియనివ్వకూడదు. సినిమావాళ్ల మధ్య కాలు విరిగిందని చెప్పుకోవచ్చు, కాపురం విరిగిందని కూడా చెప్పుకోవచ్చు. డబ్బింగ్ చెప్పే మనిషి గొంతు విరిగిందని మాత్రం చెప్పకూడదు. ఒక నాయికకు ఒకసారి గొంతు మారిందంటే, తర్వాతి సినిమాకు కూడా ఆ మారిన గొంతే వెళ్తుంది. ఎవరూ పెట్టకుండానే పుట్టిన కట్టుబాటు అది. అందుకే అక్కడ పనిచేసేవాళ్లు జ్వరాన్ని జేబులో, నొప్పిని నవ్వులో దాచుకుని తిరుగుతారు. నవ్వుకోవడం సులువే గానీ, మన ఆఫీసుల్లో, మన దుకాణాల్లో, "నాకు ఒంట్లో బాగాలేదు, కొంచెం ఆగుతాను" అని ధైర్యంగా అనగలిగినవాళ్లు ఎందరు?

మరునాడు ఫిలోమినా ఎర్రగడ్డ దగ్గర ఒక గొంతు డాక్టరుకు చూపించుకుంది. డాక్టరు కుసుమకుమారి గొంతులోకి సన్నని గొట్టం పోనిచ్చి, తెర మీద చూపించింది.

"ఈ చిన్న బుడిపె కనిపిస్తోందా? అదే మీ బాధకు కారణం. భయపడాల్సిందేం లేదు. ఆపరేషన్ కూడా అక్కర్లేదు. ఒక నెల మాట్లాడకండి."

"గుసగుసగా మాట్లాడవచ్చాండీ?"

"అసలు వద్దు. మామూలు మాటకన్నా గుసగుస ఇంకా చేటు. నోరు అన్నానికే తెరవండి."

"నా అన్నమే నా నోటితో సంపాదించుకోవాలి డాక్టరుగారూ. తెరిస్తే గొంతు పోతుంది, మూస్తే అన్నం పోతుంది!"

డాక్టరు నవ్వలేదు. "ఇప్పుడు ఆగితే ఒక నెల పోతుంది. ఆగకపోతే ఏం పోతుందో నేను చెప్పలేను."

నిజానికి అది మంచివార్తే. రోగం ఉంది, దానికి మందు ఉంది, ఆ మందుకు ఖర్చు కూడా లేదు. ఊరుకుంటే చాలు. కానీ ఆమె వెంగళరావు నగర్‌లోని ఇంటికి చేరుతుండగానే కమలాకర్ ఫోన్ వచ్చింది.

"అక్కా, రిలీజ్ ముందలికొచ్చింది. దసరాకు దింపుతరంట! క్లైమాక్స్ ఎల్లుండే చెప్పాలె. అన్న శవం మీద పడి ఏడ్చే సీన్ ఉంది గదా, గది నీతోనే అయితది."

"వస్తాను" అంది ఫిలోమినా గుసగుసగా.

"ఏందక్కా, గొంతు గట్లుంది?"

"చర్చిలో ఉన్నా. ప్రార్థన జరుగుతోంది."

ఆమె నిలబడి ఉన్నది మందుల షాపు ముందు. కన్యమరియమ్మ క్షమించాలి.

ఆమె భర్త జాన్ బాబు జూబ్లీ హిల్స్‌లో ఒక వ్యాపారస్తుడి ఇంట్లో డ్రైవరు. సాయంత్రం ఇంటికి వచ్చి సంగతంతా విన్నాడు. విన్నాడనడంకంటే ఆమె పెదవుల మీద చదివాడనాలి.

"ఉన్నదున్నట్టు కమలాకర్‌కి చెప్పెయ్" అన్నాడు.

"చెప్తే కొత్తగా డబ్బింగ్‌కి వచ్చిన ఆ పిల్ల, సోఫియాని పెడతారు."

"పెడితే పెట్టనీ."

"రేపు నన్ను పక్కన పెడితే? అదీ పెట్టనీ అంటారా?"

"ఏమే, మలుపు వచ్చినప్పుడు బ్రేకు మీద కాలేస్తాం. నువ్వు కంగారులో యాక్సిలరేటర్ తొక్కుతున్నావు."

"మీకేం, ఎన్నయినా చెప్తారు. మీరు నడిపే కారు మీది కాదు. ఈ గొంతు నాది!"

ఆ ఒక్క మాట మాత్రం గుసగుసగా అనలేదు. గట్టిగానే అరిచింది. అరిచి, గొంతు పట్టుకుని కూలబడింది.

తర్వాతి రెండు రోజులూ ఆమె స్థిమితంగా కూర్చున్నది లేదు. పక్కింటి రాజమ్మ చెప్పిందని మిరియాలు, తేనె కలిపి మింగింది. మందుల షాపువాడు చెప్పాడని నొప్పి మాత్రలు వేసుకుంది. కచేరీలు చేసే స్నేహితురాలు చెప్పిందని ఎక్కడో ఒక కాంపౌండరుతో ఇంజెక్షన్ పొడిపించుకుంది. "దీంతో ఒక్క పూటకి గొంతు గంటలా మోగుతుంది" అన్నాడు ఆ కాంపౌండరు. మోగే గంట పగిలితే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. తిరగమన్నచోటల్లా తిరిగింది, మింగమన్నదల్లా మింగింది. ఊరుకోమన్న మాట ఒక్కటే గొంతు దిగలేదు.

క్లైమాక్స్ చెప్పాల్సిన రోజు థియేటర్ తలుపు మీద ఎర్రబల్బు వెలిగింది. ఆ బల్బు వెలిగితే నిర్మాత అయినా నోరు మూసుకుంటాడు. తెర మీద నాయిక శవం మీద పడి, అంకెలు లెక్కబెడుతూ ఏడుస్తోంది. ఫిలోమినా కళ్లు మూసుకుని "అన్నయ్యా!" అంది.

గొంతు వచ్చింది. ఇంజెక్షన్ పుణ్యమో పాపమో, అంతకుముందెప్పుడూ రానంత నిండుగా వచ్చింది. అద్దం అవతల ఎవరో కళ్లు తుడుచుకున్నారు.

"పిచ్చెక్కించినవ్ అక్కా! సేఫ్టీకి ఇంకొక్కటి తీసుకుందాం. జర పైకి పోనీ" అన్నాడు కమలాకర్.

ఆమె పైకి పోనిచ్చింది. ఆ కేక చివర్లో, లోపల ఏదో దారంలా తెగింది. కేక మాత్రం పూర్తిగా రికార్డయింది. చప్పట్లు మోగాయి. ఫిలోమినా థ్యాంక్స్ చెబుదామని నోరు తెరిచింది. గాలి వచ్చింది. మళ్లీ తెరిచింది. మళ్లీ గాలే.

"అక్కా, మైక్ ఆన్‌లనే ఉంది, మాట్లాడు" అన్నాడు సౌండ్ ఇంజినీరు. తన మీటల్లోనే ఏదో లోపముందనుకుని అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు పాపం. ఆమె నాలుక మీద నెత్తురు రుచి తెలుస్తోంది.

"లోపల నెత్తురు చిమ్మింది, మచ్చ కట్టింది" అని చెప్పింది డాక్టరు కుసుమకుమారి. చేసిన వైద్యమంతా చేశాక, ఆఖరికి జాన్ బాబు వైపు తిరిగి, "మాట వస్తుంది. ఆ గొంతు మాత్రం రాదు" అంది.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికే నోరు రాదు. పది రోజులు తిరగకుండానే సినిమా వాయిదా పడింది. గ్రాఫిక్స్ పూర్తి కాలేదట. దసరాకి కాదు, ఎండాకాలానికట. ఇన్నేళ్లుగా "రిలీజ్ డేటు, వానాకాలంలో మన రోడ్డు, రెండూ ఒకటే. ఎప్పుడు కుంగుతాయో తెలీదు" అని అందరినీ నవ్వించిన మనిషి ఫిలోమినా. తన నెత్తిమీద పడేసరికి అదే డేటుని సువార్తలా నమ్మింది. కంగారులో ఉన్నవాడు తనకు తెలిసిందే ముందు మరిచిపోతాడు.

కమలాకర్ ఇంటికి వచ్చాడు. ఇచ్చిన కాఫీ గ్లాసు తాగకుండానే కింద పెట్టాడు.

"ఒక్క మాట చెప్పకపోతివి గదక్కా."

"చెప్తే ఏం చేసేవాడివి?" కంకర మీద రేకు ఈడ్చినట్టుంది ఆమె గొంతు.

"అబద్ధమెందుకు? సోఫియానే పెడుతుంటి. గా ఒక్క సీన్‌కో, ఒక్క సినిమాకో. ఇప్పుడు అన్నిట్కి ఆమెనే పెట్టాల్సొచ్చె."

ఫిలోమినా నవ్వింది. ఆ నవ్వు విని కమలాకర్ లేచి వెళ్లిపోయాడు.

గొంతు పోతే గొంతొక్కటే పోదు. క్రిస్మస్‌కి చర్చిలో పాటల గుంపులో ఆమె చోటు పోయింది. ఫోన్‌లో హలో అంటే కూరగాయలవాడు కూడా "సార్" అన్నాడు. అన్నిటికన్నా కష్టమైంది ఒక ఆదివారం జరిగింది. ముందుగదిలో టీవీలో ఆమె గొంతిచ్చిన పాత సినిమా నడుస్తోంది. వంటింట్లోంచి ఆమె "ఏవండీ, అన్నానికి రండి" అని పిలిచింది. సరిగ్గా అదే క్షణంలో టీవీలోని నాయిక "ఏవండీ" అంది. జాన్ బాబు టీవీ వైపు తిరిగి "ఆఁ, వస్తున్నా" అన్నాడు. అని, నాలిక కరుచుకున్నాడు. 

ఏడాది గడిచాక కమలాకర్ ఆమెను మళ్లీ పిలిచాడు, మైకు ముందుకు కాదు, మైకు పక్కకు. సోఫియా ఎర్రగడ్డలో పుట్టి పెరిగిన పిల్ల. కోస్తా యాస పలకదు. పక్కన కూర్చుని మాట దిద్దడం ఫిలోమినా కొత్త ఉద్యోగం. తన గొంతు కూర్చోవలసిన కుర్చీలో ఇంకొకరి గొంతుని కూర్చోబెట్టడం తేలికైన పనేమీ కాదు. మొదటి వారం ఆమె ఇంటికెళ్లి దిండులో మొహం దాచుకునేది. తర్వాత అలవాటైంది. అలవాటు కావడం ఓదార్పు కాదు. అయినా అన్నం సహించింది, నిద్ర పట్టింది.

ఒక ఉదయం సోఫియా మెట్ల దగ్గర ఆమె చెయ్యి పట్టుకుంది. మొహం పాలిపోయి ఉంది.

"అక్కా, నువ్వు గప్పుడు తీసుకున్నవంట, ఆ ఇంజెక్షన్ ఎక్కడిస్తరు? నీకు ఎరికే గదా?"

ఫిలోమినా మెట్టు మీదే ఆగిపోయింది. "ఎవరికి?"

"నాకే. మూడు దినాల నుంచి గొంతు వస్తలేదు. రేపు ఏడ్చే సీనుంది. ఎవరికీ చెప్పకక్కా, నీకు దండం పెడత. కమలాకరన్నకు తెలిసిందంటే ఖతం."

ఫిలోమినా ఆ పిల్ల చెయ్యి వదలలేదు. అలాగే పట్టుకుని తిన్నగా కమలాకర్ గదిలోకి తీసుకుపోయింది.

"ఈ అమ్మాయికి గొంతు బాగాలేదు. నెల రోజులు మాట్లాడకూడదు" అంది.

"అక్కా, రిలీజ్ డేటు..." అని మొదలుపెట్టిన కమలాకర్, 'మాట్లాడకూడదు' అని చెప్పింది ఏ చిరిగిన గొంతో గుర్తొచ్చి, సగంలో ఆగిపోయాడు. తల వంచుకునే, "నేను ఆగుత. ప్రొడ్యూసర్ ఆగడు" అన్నాడు.

ఆగలేదు. ఆ సినిమా సోఫియా చేయి జారింది. బహుశా ఆ తర్వాతిది కూడా జారవచ్చు. మంచి పని చేసినంత మాత్రాన లోకం వెంటనే మంచిదైపోదు.

ఆ సాయంత్రం సోఫియా థియేటర్ మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నాకు అన్యాయం జేసినవ్ అక్కా" అంది. ఫిలోమినా ఆమె పక్కనే చతికిలబడి, వీపు నిమిరింది.

"ఏడువు. గొంతు రానివ్వకుండా ఏడువు. నన్ను తిట్టుకోవాలన్నా మనసులోనే తిట్టుకో, నెలయ్యాక పైకి తిడుదువు గాని."

ఏడుస్తున్న పిల్ల పెదవి ఒక్కసారి వణికింది. నవ్వో ఏడుపో తెలియలేదు.

"సోఫీ, నాకు వచ్చింది చిన్న కష్టమే. ఒక నెల కూర్చుంటే పోయేది. నేను కూర్చోలేక, పరిగెత్తి పరిగెత్తి దాన్ని జన్మంత కష్టం చేసుకున్నాను. అనుకోనిది వచ్చి మీద పడ్డ రోజున మనసు పరుగు తియ్యమంటుంది. ఆ రోజు దాని మాట వినొద్దు. కాళ్లు నేలకి ఆనించి కూర్చో, ఉన్నది ఉన్నట్టు నలుగురికీ చెప్పు, తర్వాతే లే. నిలకడగా ఉన్నవాళ్లకీ నష్టాలు వస్తాయమ్మా, కానీ కంగారుపడ్డవాళ్లకి వచ్చే నష్టం తీరేది కాదు."