పదివేల ఏడో నంబరు

సీతమ్మధారలోని ఆ రక్తపరీక్షల ల్యాబ్‌లో పొద్దున్నే లడ్డూలు పంచారు. రిపోర్టుల లెక్క పదివేలకు చేరిందట. వెబ్‌సైట్ రాసిన హిమబిందుకి రెండిచ్చారు. మొదటిది నోట్లో ఉండగానే గాజువాక నుంచి తమ్ముడు గోపి ఫోన్ చేశాడు.

“అక్కా, అమ్మకి సుగర్ నాలుగొందల పది ఉందే. డాక్టర్ గారి సీటీలో రాసినట్టే ఇన్సులిన్ ఎక్కువేసీసినాను.”

లడ్డూ గొంతుకడ్డం పడింది. అమ్మ సుగర్ డెబ్బై రెండే. పరీక్ష చేసినప్పుడు హిమబిందు పక్కనే ఉంది.

“రిపోర్టు మీద పేరు సదువు.”

“నువ్వంపిన లింకే కదా, పేరు సూడ్డమేటి? ఆగు... చలమయ్య అని ఉందేటక్కా?”

చలమయ్యది రెండేళ్ల కిందటి వెయ్యో నంబరు. అమ్మది పదివేల ఏడు. తప్పెక్కడుందో హిమబిందుకి తెలిసిపోయింది.

వెబ్ అడ్రసులోంచి నంబరు పట్టుకోమని చెప్పే రెజెక్స్ అనే కోడ్ ముక్క రాసింది తనే. నాలుగంకెలు చాలంది. అక్కడితో అడ్రసు అయిపోవాలని చెప్పే డాలర్ గుర్తు చివర పెట్టలేదు. అయిదంకెల నంబరొస్తే అది మొదటి నాలుగే పట్టుకుని వెయ్యో రిపోర్టు తెరిచింది. హిమబిందు పనిలో చీమ దూరే సందుండదని ల్యాబ్‌లో అంటుంటే మహా మురిసిపోయేది, పిచ్చిపిల్ల.

“అమ్మేటి సేత్తంది?”

“పడుకుంది. సెమట్లు పడతన్నాయని ఫ్యానేసినాను.”

“పంచదార నీళ్లు బేగి తాగించు! ఫోన్ పెట్టీకు!”

ఫోన్‌లో గ్లాసులో చెంచా తిరుగుతున్న చప్పుడు. “అమ్మా, లెగే!” అంటున్నాడు గోపి. హిమబిందు ఫోన్ చెవికి అదిమిపెట్టుకుంది. భయం, పచ్చి భయం. చాలాసేపటికి అమ్మ దేముడమ్మ గొంతు పీలగా వినబడింది.

“ఏట్రా ఈ గోల?”

హిమబిందు టేబుల్ మీద తల వాల్చి ఏడ్చేసింది. కన్నీళ్లతోనే రెజెక్స్ సరిచేసింది, నిమిషం పట్టలేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఇప్పటిదాకా లింకు వెళ్లిన పదివేల నుంచి పదివేల తొమ్మిది దాకా అందరికీ ఆ చలమయ్య రిపోర్టే వెళ్లింది. అమ్మ పోగా ఇంకా తొమ్మిది మంది.

ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. ఎనిమిది మంది ఎత్తారు. కొందరు తిట్టారు, తిట్లకే ప్రాణం లేచొచ్చింది. ఆఖరి పేరు పాపాయమ్మ. డెబ్బై ఏళ్లు, ఇన్సులిన్ మీద ఉంది. అసలు సుగర్ అరవై ఎనిమిది. లింకు ఎనిమిదింటికే తెరిచినట్టు కంప్యూటర్ చూపిస్తోంది.

ఇప్పుడు పదిన్నర. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. హిమబిందు మళ్లీ చేసింది.